తేలికపాటి ఫజ్జీ ఫైండర్ గారికి, ఆమదాలవలస నుంచి

అయ్యా,

తమరి వంశంలో బరువైనవారు ఒక్కరూ లేరని విన్నాను. విమ్ ఎడిటర్‌కి తగిలించే ఏ ప్లగిన్ గడప తొక్కినా ‘లైట్‌వెయిట్’ అనే బోర్డే. నాది 4 జీబీ లాప్‌టాప్. 1991లో బ్రామ్ మూలెనార్ వదిలిన విమ్ ఇందులో ఇప్పటికీ రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఆ రెప్పపాటు పోకుండా పేరులో నాలుగక్షరాలు కొడితే ఫైలు వెతికిపెట్టే మనిషి ఒకరు చాలనుకున్నాను, అంతే.

మీ విద్య మా జిల్లావాళ్లకి కొత్తేం కాదు. శ్రీ, క, చివర సున్న కొడితే చాలు, మధ్యలో ఏమున్నా వరస తప్పకపోతే శ్రీకాకుళం, శ్రీకూర్మం రెండూ ఎదురొస్తాయి. ‘ఖ’ ఉంది గానీ ‘క’ లేదు కాబట్టి శ్రీముఖలింగం జారిపోతుంది. ఇక శ్రీకాకుళం రోడ్ అని టికెట్టు కొనుక్కుని దిగినవాడు ఆమదాలవలసలో తేలతాడు. రైల్వేవారు మీకంటే ముందే ఫజ్జీ అయిపోయారు.

పేరు చెప్పను గానీ, మీలో ఒకాయన్ని ఇంటికి తెచ్చుకున్నాను. కట్నం వద్దన్న పెళ్లివారిలా వచ్చాడు. మర్నాడు ఆయన సహాయక లైబ్రరీ దిగింది. ఐకాన్లు కనబడాలంటే వేరే ఫాంటు వెయ్యమన్నాడు. వెతకడం ఆయన పని కాదట, దానికి ఇంకో ప్రోగ్రాం ఉండాలట. ఆ రాత్రి విమ్ తెరిచి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. అప్పటికీ తెర నల్లగానే ఉంది.

నాన్న వెనక నిలబడి చూసి, “ఒరే, పేరు తెలిస్తే ఎతకడం ఎందుకు? పేరే తెలీకపోతే ఎలగ దొరుకుతాదిరా?” అన్నాడు. సగం తెలిసినవాళ్ల కోసమే మీరున్నారని చెప్పబోయి మానేశాను. ముందు మీరు తెరుచుకోవాలి కదా.

తరవాత మీ బంధువర్గమంతా తిరిగాను. కంట్రోల్‌పీ అచ్చంగా విమ్ సొంత భాషైన విమ్‌స్క్రిప్టు, వెంట ఎవరూ రారు. కమాండ్-టీ పరుగు కోసం సీ భాషని పట్టుకుంది. టెలిస్కోప్‌కి విమ్ నుంచి చీలిన నియోవిమ్ ఉండాలి, ప్లీనరీ అనే లైబ్రరీ తోడు రావాలి. జునెగన్ చోయ్ గారి ఎఫ్‌జెడ్‌ఎఫ్ రూబీలో పుట్టి గో భాషలోకి కాపురం మార్చింది. ఇప్పుడు ఒకే ఒక్క బైనరీ ఫైలు, గిన్నె చెంబు లేని సంసారం. ఎవరినీ పిలవకుండా విమ్ సొంత ఫైండ్‌తోనే సరిపెట్టుకుందామని పాత్‌కి లోపలి ఫోల్డర్లన్నీ వెతకమనే రెండు నక్షత్రాలు తగిలించి కూడా చూశాను. అది తిన్నగా బయటి ప్యాకేజీల ఫైళ్లు కిక్కిరిసిన నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి దిగింది. రథసప్తమినాడు అరసవల్లి క్యూలో నిలబడినట్టే అయింది నా పని.

అక్కడ నిలబడ్డప్పుడే బోధపడింది. మూడక్షరాలు పోల్చడం ఈ ముసలి లాప్‌టాప్‌కి కూడా లెక్కలోది కాదు. బరువంతా జాబితా రాయడంలోనే ఉంది, డిస్కులో ప్రతి ఇల్లూ తలుపు తట్టి పేర్లు రాసుకోవడంలో. ఈ సంగతి మీ బోర్డుల మీద ఒక్కచోటా రాయలేదేం?

అందుకని ఎఫ్‌జెడ్‌ఎఫ్‌నే ఉంచి, జాబితా పని మా కోడ్ మార్పుల లెక్క చూసే గిట్‌కి అప్పగించాను. గిట్ ఎల్ఎస్-ఫైల్స్ కమాండ్ ఊరంతా తిరగదు. తన ఇండెక్స్ పుస్తకం తెరిచి చదివేస్తుంది. నోడ్ మాడ్యూల్స్‌ని మేం ఏనాడూ అందులో ఎక్కించలేదు కాబట్టి ఆ జనం ఊసే లేదు. పేరు కొడితే ఫైలు ముందుంటోంది. విమ్ మళ్లీ రెప్పపాటులో వస్తోంది.

ఒక్క చిక్కు. ఇవాళ పొద్దున్న పుట్టించిన ఫైలు కనబడటం లేదు. ఆ పుస్తకంలో పేరెక్కించే గిట్ యాడ్ కొట్టడం మరిచాను, రేషన్ కార్డులో పేరెక్కని పసిగుంటలా ఇంట్లోనే ఉండి లెక్కలో లేదు. ఎక్కని పేర్లు కూడా చదివించే ఆప్షన్లు ఉన్నాయి, అవి రెండూ కలిపితే కనబడుతుందని తెలుసు. కానీ అవి పెడితే గిట్ మళ్లీ వీధులు తిరగాలి. రెండు రోజులు ఆగి చూస్తాను. ఈలోగా తమరు ఇంకో చుట్టాన్ని పంపకండి.

ఇట్లు,
ఇంకా సగం పేరే గుర్తున్నవాడు