వారాంతపు కష్టజీవులు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు యువకులకు కష్టాల కొరత తీవ్రంగా ఉంది. ఏ ప్రభుత్వమూ ఇంతవరకు దీన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. వీళ్ల తండ్రులకు కష్టాలు పుష్కలంగా ఉండేవి. బోరు ఎండిపోయేది, అప్పు పుట్టేది కాదు, గట్టిగా వాన పడితే ఊరికి బస్సు వచ్చేది కాదు. కొడుకుల దాకా వచ్చేసరికి పొలం మిగిలింది గానీ కష్టాలు వారసత్వంగా రాలేదు. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. ఆకలేస్తే గుమ్మం ముందుకు దోసె వస్తుంది, చట్నీ విడిగా. ఒక మనిషి ఇలా ఎన్నాళ్లని బతకగలడు?

ఊళ్లోనే బోలెడు కష్టాలున్నాయి కదా అని మీరు అడగవచ్చు. సిల్క్ బోర్డు జంక్షన్ ఉంది, మారతహళ్లి ఉంది, ఎండాకాలం వస్తే నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపులు ఉన్నాయి. నిజమే. కానీ అవి పరువైన కష్టాలు కావు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కున్నవాణ్ణి చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు, చుట్టూ ఉన్నవాళ్లూ ఇరుక్కునే ఉన్నారు కాబట్టి. అదే గంటన్నర బాగేపల్లి పక్కన ఏదో చెరువులో ఇరుక్కుంటే అది సాహసం. మంచి కష్టమంటే కోరి తెచ్చుకున్నదై ఉండాలి, ఫోటోలో కనపడాలి, ఆదివారం సాయంత్రానికల్లా అయిపోవాలి.

రోడ్డు లేని చోట బండి నడిపి, రాత్రికి టెంటు వేసుకుని పడుకుంటే ఈ మూడూ కుదురుతాయి. ఆ ఏర్పాటు పేరే ఆఫ్‌రోడింగ్, క్యాంపింగ్.

దీనికి ముందుగా కావలసింది బండి. 2020 అక్టోబరు 2న మహీంద్రా వాళ్ల జీపు, కొత్త థార్ వచ్చింది. గాంధీ జయంతి నాడు ఇంత హింసకు శ్రీకారం చుట్టడం ఏమిటని అప్పట్లో ఎవరూ అడగలేదు. 2023లో మారుతి వాళ్ల జిమ్నీ కూడా వచ్చాక మిత్రబృందాలు రెండు మతాలుగా చీలిపోయాయి. వాదన మొదలైతే తెల్లవారుతుంది. అరవై ఐదు సెంటీమీటర్ల లోతు నీళ్లలోనూ థార్ దిగిపోతుందని కంపెనీ చెప్పిన లెక్క, దాని యజమానికి తన పెళ్లిరోజు కన్నా బాగా గుర్తుంటుంది. పాపం, ఆ లెక్కను వాడుకునే మంచి అవకాశం 2022 సెప్టెంబరులో వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు చెరువులైపోయి ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్తుంటే దేశమంతా టీవీల్లో చూసింది. మా అపార్ట్‌మెంట్‌లోని థార్ మాత్రం ఆ వారమంతా గేటు దాటలేదు. ‘ఆ నీళ్లలో దింపితే బండి పాడవుతుంది’ అన్నాడు దాని యజమాని. నీళ్లన్నాక మంచినీళ్లయి ఉండాలి, చుట్టూ కొండలుండాలి, వెనక డ్రోన్ ఎగురుతుండాలి.

బండి కొన్నాక అలంకారాలు. పైన ఇనుప ర్యాకు, దానికి పార, డీజిల్ డబ్బా, దొంగలు పారిపోతుంటే పట్టుకోవడానికన్నట్టు వరసగా ఎల్‌ఈడీ దీపాలు. ముందు ఇనుప గార్డు పెట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది కనుక ఆ ఒక్క లోటూ మిగిలిపోయింది. ఇక గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుంది. అందులో ‘ఫోర్ లో’ అనే స్థానం మహత్తు కలది. దాంట్లో వేస్తే నాలుగు చక్రాలకూ శక్తి అంది, వేగం నడక స్థాయికి పడిపోయి, లాగే బలం రెట్టింపు దాటుతుంది. మారతహళ్లిలో రోజూ వెళ్లే వేగం కూడా అదే గనుక అలవాటు పడటానికి ఎవరూ ఇబ్బంది పడరు.

2023 జనవరిలో వెనక చక్రాలకు మాత్రమే శక్తి వెళ్లే థార్ కూడా మార్కెట్లోకి వచ్చింది. ధర తక్కువ. చూడటానికి అచ్చం అదే బండి. మా బృందంలో ఒక ఒంగోలు మిత్రుడు తెలియక దాన్నే కొన్నాడు. అప్పటి నుంచి అతన్ని పంక్తిలో కూర్చోబెడుతున్నారు గానీ, విస్తరి కాస్త దూరంగా వేస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో అతని పేరు ‘టూ వీలర్’.

ఇంతకీ ప్రయాణం సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి హెబ్బాళ వంతెన కింద కలుసుకోవాలని తీర్మానం. నాలుగింటికి అడ్మిన్ ఒక్కడే వచ్చాడు. అయిదింటికి ఒకరు ‘స్టార్ట్ అయ్యాను మామా’ అని మెసేజ్ పెట్టారు. అంటే స్నానానికి వెళ్తున్నారని అర్థం. ఈ వ్యాసకర్త పరిశీలకుడి హోదాలో వెనక సీట్లో, ఐస్ బాక్సుకీ టెంటు సంచికీ నడుమ, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. చిక్కబళ్లాపురం దాటి ఇడ్లీ వడ తిన్నాక గానీ సాహసం మొదలు కాలేదు. అప్పుడు అందరికీ వాకీటాకీలు పంచారు. ముందు బండి నుంచి ‘ఎడమ పక్క ఆవు, ఓవర్’ అని వినిపించేది. వెనక బండి నుంచి ‘ఆవును చూశాం, ఓవర్’ అని జవాబు. ఆవు మాత్రం ఎవరినీ చూడలేదు.

ఆ ప్రాంతానికో విశేషం ఉంది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలు చెరువుల సీమ. ఏడాది పొడవునా పారే నదుల్లేవు. వానలు తప్పి, బోర్లు లోతుకు పోయి చెరువులు ఎండిపోతుంటే, బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టాల్లో పంపించి నింపే పథకాలు పెట్టారు. కోరమంగల లోయ నుంచి కోలారు చెరువులకు 2018 నుంచి నీళ్లు వెళ్తున్నాయి. హెబ్బాళ, నాగవార లోయ నీళ్లు చిక్కబళ్లాపురం వైపు చెరువులకు వెళ్తున్నాయి. అంటే మన మిత్రులు శుక్రవారం దాకా తమ బాత్‌రూముల్లోంచి సాగనంపిన నీళ్లే శనివారం నాడు ‘స్వచ్ఛమైన ప్రకృతి’ రూపంలో ఎదురై పలకరించే అవకాశం కూడా లేకపోలేదు. ఈ కోణం నేను వాకీటాకీలో చెప్పబోతే ‘ఛానల్ ఖాళీ చెయ్’ అన్నారు.

గట్టు దిగగానే చెరువు పైపైన ఎండి, పెంకు కట్టి, నెర్రెలిచ్చి ఉంది. ఊరివాళ్లకు ఆ పెంకు కింద ఏముంటుందో తెలుసు. ప్రాజెక్ట్ మేనేజర్లకు తెలియదు. అడ్మిన్ థార్ పది బారలు వెళ్లి, ముందు చక్రం మెల్లగా కుంగి, గేదె పడకేసినట్టు పొట్ట నేలకానించి ఆగింది. బండికి లోటేమీ లేదు, అది చెప్పినట్టే విన్నది. ఎక్కువ యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. అడ్మిన్ తొక్కాడు. నల్లటి బురద రెండు ధారలుగా లేచి, వెనక వీడియో తీస్తున్న గుంటూరు మిత్రుడి తెల్లటి టీషర్టు మీద పడింది. అతను కదల్లేదు. ‘సూపర్ వచ్చింది మామా, ఇంకోసారి తొక్కు’ అన్నాడు.

ఆ తర్వాత గంటసేపు అక్కడ జరిగినదాన్ని ఆఫీసు భాషలో ‘రూట్ కాజ్ అనాలిసిస్’ అంటారు. టైర్లలో గాలి ముప్పై అయిదు నుంచి పద్దెనిమిదికి దించారు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది, దిగబడదు. ఇది దిగబడకముందు చేయాల్సిన పని అని కడప మిత్రుడు యూట్యూబ్ చూసి చెప్పాడు. బండిలో కాళ్ల కింద పరిచే మ్యాట్లు తీసి చక్రాల కింద వేస్తే బురద వాటినీ మింగింది. జిమ్నీకి తాడు కట్టి లాగిస్తే అదీ మోకాలి లోతుకు దిగి, రెండు మతాల మధ్య సామరస్యం నెలకొంది. పక్కనే తీతువు పిట్ట ఒకటి తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు. అది గుడ్లను నేల మీదే, గులకరాళ్ల మధ్య పెడుతుంది. మనం సాహసం అనుకునే చోటు దానికి ప్రసూతి గది. ఆ సంగతి ఎవరి యాప్‌లోనూ లేదు.

అంతలో గట్టు మీద ఎర్ర ట్రాక్టరు ఆగింది. నడిపేది యాభై దాటిన రైతు, భుజాన తువ్వాలు. ఆ పక్కంతా తెలుగే.

‘దావ తప్పినారా సామీ? తారు రోడ్డు ఆ పక్క ఉండాది కదా.’

‘లేదన్నా, కావాలనే వచ్చాం.’

‘కావాలనేనా?’ ఆయన కాసేపు బండిని, బురదను, గుంటూరు మిత్రుడి టీషర్టును చూశాడు. ‘ఎవురితోనన్నా పందెం కట్టినారా?’

వివేకవంతుడైన ఏ మనిషికైనా తోచే కారణం అదొక్కటే. ఆఫ్‌రోడింగ్ గురించి అడ్మిన్ వివరంగా చెప్పాడు. ఆయన మర్యాదగా విని, ఇనుప గొలుసు కట్టి, దిగువ గేరు వేసి ఒక్క లాగు లాగాడు. బండి చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. ఆపైన జిమ్నీ. అంతా కలిపి బీడీ ఆరేలోపు. గమనించాల్సిందేమిటంటే, మన పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లలాగే అది కూడా వెనక రెండు చక్రాల బలంతోనే నడిచేది. గట్టు మీద చిప్స్ తింటూ నిలబడ్డ ఒంగోలు మిత్రుడి ముఖం ఆ క్షణంలో చూడాలి. ‘టూ వీలరే కదన్నా అది?’ అని రైతును అందరికీ వినపడేలా అడిగాడు.

డబ్బులెంత అంటే ‘మీ ఇష్టం’ అన్నాడాయన. ఇచ్చింది లెక్కపెట్టి, కాస్త ఆశ్చర్యపోయి, ‘మళ్లీ వారమూ వస్తారా? ముందుగా చెప్తే డీజిలు పోయించి పెడతా’ అన్నాడు. ఇంత స్పష్టమైన వ్యాపార ఆలోచన నేను మా ఆఫీసు మీటింగుల్లో వినలేదు.

క్యాంపింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. విసిరితే రెండు సెకన్లలో తెరుచుకునే టెంటు మర్నాడు నలుగురు ఇంజనీర్లు కలిసినా మడతపడలేదు. నిశ్శబ్దం కోసం వచ్చి బ్లూటూత్ స్పీకరు పెట్టారు. బొగ్గుల మీద చికెన్ పైన మాడి లోపల పచ్చిగా ఉంటే, చివరికి కడప మిత్రుడి అమ్మ కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం, ఆవకాయ మీద పడ్డారు. సిగ్నల్ లేదని మురిసిపోయిన వాళ్లలో ఒకడు ఆన్‌కాల్, అంటే ఆఫీసు ఎప్పుడు పిలిచినా పలకాల్సిన వంతు, ఉండటం వల్ల ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని రాళ్ల గుట్ట ఎక్కాడు. ఇక తెల్లవారాక అందరూ తలా ఒక సీసా పట్టుకుని తలా ఒక పొద చాటుకు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక వీళ్ల నాయనమ్మలు కూడా ఈ అలవాటు మానేశారు.

శనివారం రాత్రి గుట్ట మీద సిగ్నల్ దొరికిన కాసేపట్లోనే మా అడ్మిన్‌కు అనంతపురం జిల్లా నుంచి వాళ్ల నాన్న ఫోను. స్పీకర్లో పెట్టాడు కాబట్టి అందరం విన్నాం.

‘యాడుండావురా?’

‘క్యాంపింగ్‌కి వచ్చాం నాన్నా. టెంట్ వేసుకుని బయట పడుకుంటాం.’

‘బయటంటే?’

‘చేల పక్కన.’

అవతల కాసేపు మాట లేదు. ‘మన చేను ఉంది కదరా. రాత్రి కరెంటు ఎప్పుడొస్తాదో తెలీక మోటర్ కాడ పడుకుంటా ఉండా నేను. నువ్వొచ్చి పడుకుంటానంటే నేను ఇంటికి పోయి పడుకుందును.’

అడ్మిన్ సిగ్నల్ సరిగా లేదన్నాడు.

ఆదివారం సాయంత్రం బెంగళూరు చేరాక బండ్లు కడగకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆఫీసు పార్కింగులో సోమవారం ఆ బురద చూపించకపోతే శనివారం అంతా వృథా. రోజూ బండి తుడిచే కుర్రాడు అలవాటు కొద్దీ బకెట్టుతో వస్తే, నీటి కరువు నాటి 2024 మార్చి ఆదేశాన్ని అడ్మిన్ అతనికి చదివి వినిపించాడు. మంచినీళ్లతో కార్లు కడిగితే అయిదు వేల జరిమానా. చట్టం మీద అతనికి అంత గౌరవం ఉందని అప్పటిదాకా మాకు తెలియదు.

రాత్రి ఖర్చుల లెక్క మొదలైంది. టోలు, డీజిలు, పచ్చి చికెను దగ్గర పేచీ రాలేదు. ట్రాక్టరు ఖర్చు దగ్గర వచ్చింది. దిగబడినవాళ్లే కట్టుకోవాలని కడప మిత్రుడు, ముందు నుంచి వద్దన్నానని జిమ్నీ మిత్రుడు. తాను గట్టు దిగలేదు కాబట్టి తన వాటా సున్నా అని ఒంగోలు మిత్రుడు ఎక్సెల్ షీటు వేసి పంపాడు. అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు నడిచాయి. చివరికి అడ్మిన్ ఒక్క ముక్క రాశాడు: ‘నేను దిగబడకపోతే మీరంతా ఈపాటికి స్టేటస్‌లో ఏం పెట్టుకునేవారు?’

నీలం టిక్కులు అందరి దగ్గరా పడ్డాయి. ట్రాక్టరు ఖర్చును తలా సమానంగా పంచారు, ఒంగోలు మిత్రుడితో సహా.