కారణం దొరికితే హంతకుడు దొరికినట్టేనా?

బెజవాడలో ఓ హత్య జరిగిందంటే, క్లూస్ టీం వ్యాను స్పాట్‌కి చేరేలోపే కారణం తేలిపోతుంది. ముందు చచ్చిపోయినవాడి కులం అడుగుతారు, తర్వాత ఆస్తులు. పోయింది ఆడపిల్ల అయితే ఆ రెండూ కూడా అక్కర్లేదు, ‘ఏదో వ్యవహారం ఉండే ఉంటుంది’ అన్న ఒక్క ముక్కతో కేసు మూసేస్తారు. సాయంత్రానికి టీవీలో ‘పాత కక్షలా? పక్కా ప్లానా?’ అని స్క్రోలింగ్ మొదలవుతుంది. చివర ప్రశ్నార్థకం పెడితే పరువునష్టం దావా నుంచి తప్పించుకోవచ్చన్న ధీమా మా డెస్కుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

ఊహించొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. పక్కవీధిలో మనిషి చస్తే, ఎందుకు చంపారో తెలిసేదాకా మన తలుపు గడియ మీద మనకే నమ్మకం ఉండదు. కారణం తెలిస్తే, అది మనకు వర్తించదని నిద్రపోవచ్చు. నా అభ్యంతరం ఊహ నడిచే దారి మీదే. ఎవరి మీద అనుమానం ఉందో ముందే తేల్చుకుని, అతనికి సరిపడే కారణాన్ని తర్వాత వెతుకుతాం. దొరికిన కారణాన్నే మళ్ళీ అతని మీద సాక్ష్యంగా చూపిస్తాం.

2007 డిసెంబరులో విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో, ఓ ప్రైవేటు హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. లైంగిక దాడి కేసు కాబట్టి బాధితురాలి పేరు రాయకూడదని చట్టమే చెబుతోంది. జిల్లాలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు, అది వేరే సంగతి. అక్కడ ఓ ఉత్తరం దొరికింది. ప్రేమను కాదన్నందుకు చంపినట్టు అందులో ఉంది. అంటే కారణాన్ని హంతకుడే రాసి పెట్టి వెళ్ళాడన్నమాట. ఔత్సాహిక డిటెక్టివులకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఒక్క కాగితంలోంచి ఎన్ని కథలు పుట్టాయో చూడండి. ముందే రాసుకుని తెచ్చాడు కాబట్టి పథకం ప్రకారం చేసిన హత్య అన్నారు కొందరు. చంపాక దృష్టి మళ్ళించడానికి రాశాడు, కాబట్టి ప్రేమ సంగతే అబద్ధం అన్నారు ఇంకొందరు. ఒక్కడే రాసి ఉండడు, వెనక పెద్దవాళ్ళున్నారన్నది మూడో వర్గం. వాళ్ళు చెప్పుకున్న పేర్లు ఇక్కడ నేను మళ్ళీ చెప్పను. ఒకే కాగితం మూడు విరుద్ధమైన కథలకూ సాక్ష్యంగా నిలబడిందంటే అది దేన్నీ రుజువు చెయ్యలేదనే లెక్క. ఉత్తరం నిజంగా పనికొచ్చేది చేతిరాతకీ, వేలిముద్రలకీ, కాగితం ఎక్కడిదన్నదానికీ. కానీ హంతకుడి మనసు అందులో కనిపిస్తుందనే ఆశతోనే అందరూ దాన్ని చదివారు.

‘పక్కా ప్లాన్’ సంగతి కాస్త నిదానంగా చూడాలి. ముందస్తు పథకం ఉంటేనే అది హత్య, లేకపోతే చిన్న నేరం అన్న అపోహ మనలో బలంగా ఉంది. అమెరికా సీరియళ్ళలో ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ అని వినీ వినీ పట్టుకున్నది కావచ్చు. మన చట్టంలో ఆ డిగ్రీలు లేవు. పాత ఐపీసీ 300వ సెక్షన్ అయినా, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 101వ సెక్షన్ అయినా ముఖ్యంగా చూసేది ఉద్దేశాన్ని, చేసిన గాయం ఎలాంటిదన్నదాన్ని. చంపాలన్న ఉద్దేశం అక్కడికక్కడే, క్షణంలో పుట్టినా అది హత్యే కావచ్చు. అప్పటికప్పుడు రేగిన కొట్లాటలో, ఏ ముందాలోచనా లేకుండా, ఆవేశంలో జరిగితే, అదీ అవతలివాడి పరిస్థితిని అలుసుగా తీసుకోకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా ఉంటేనే, అది హత్య కిందికి రాదనే కొట్లాట మినహాయింపు వర్తిస్తుంది.

మరి ముందాలోచనను కోర్టు ఎలా పట్టుకుంటుంది? నానావతి కేసు చూస్తే తెలుస్తుంది. 1959 ఏప్రిల్లో బొంబాయిలో, తనకు మరొకరితో సంబంధం ఉందని భార్య చెప్పాక, నానావతి అనే నౌకాదళ అధికారి ఆమెనూ పిల్లల్నీ సినిమా హాలు దగ్గర దింపాడు. అక్కణ్ణుంచి ఓడకు వెళ్ళి, అబద్ధపు సాకు చెప్పి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకున్నాడు. అవతలి మనిషి ఆఫీసుకు వెళ్ళి, అక్కడ లేకపోతే ఇంటికి వెళ్ళి కాల్చి చంపాడు. జ్యూరీ ఎనిమిది మంది నిర్దోషి అంటే ఒక్కరు దోషి అన్నారు. ఆ తీర్పును హైకోర్టు ఒప్పుకోలేదు. క్షణికావేశం అన్న వాదన 1961లో సుప్రీంకోర్టులోనూ నిలబడలేదు. భార్య మాటకూ తుపాకీ మోతకూ మధ్య సుమారు మూడు గంటలు గడిచాయి. ఆ మూడు గంటల్లో అతను చేసిన పనులు ఒక్కొక్కటీ సాక్షుల నోట రికార్డుకెక్కాయి. మనసులో ఏముందో ఊహించే పని కోర్టుకు పడలేదు.

మన వీధిలో ప్లాన్ తేల్చే పద్ధతి వేరు. సీసీ ఫుటేజీలో ఓ మనిషి అదే సందులో మూడుసార్లు తిరిగితే అది ‘రెక్కీ’. సత్యనారాయణపురం సందుల్లో ఇల్లు వెతుక్కునే ఏ చుట్టమైనా మూడుసార్లు తిరక్క తప్పదు. చేతిలో కత్తి ఉంటే ‘వెంట తెచ్చుకున్నాడు’. బీసెంట్ రోడ్డు చివర కొబ్బరి బోండాల బండి మనిషి కత్తి లేకుండా ఏనాడైనా కనిపించాడా? వంటింటి రోకలి వాడితే ఆవేశం, బయటి ఆయుధమైతే పథకం అన్న సూత్రం కూడా అంతే. పథకం వేసేవాడికి ఆ సూత్రం తెలిసి ఉండకూడదని ఎక్కడుంది?

ఆధారాలు దొరక్కపోవడాన్ని కూడా తెలివికి గుర్తుగా లెక్కేస్తారు. ‘ఒక్క క్లూ వదల్లేదు, ప్రొఫెషనల్ పనే’ అంటారు. ఆ క్లూను మొదటి గంటలో వచ్చిన జనం తొక్కేశారేమో, ఎవరో బాత్రూం కడిగేశారేమో అన్న ఆలోచన రాదు. పోలీసుల అలసత్వం హంతకుడి ఖాతాలో ప్రతిభగా జమైపోతుంది!

కారణానికి చట్టం ఇచ్చే చోటు చిన్నదే. కళ్ళారా చూసిన సాక్షి ఉంటే కారణం రుజువు కాకపోయినా కేసు నిలుస్తుంది. పరిస్థితుల సాక్ష్యమే దిక్కయినప్పుడు దాని విలువ పెరుగుతుంది, అయినా అది గొలుసులో ఓ లింకు మాత్రమే. 1984లో శరద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఆ గొలుసు ఎలా ఉండాలో చెప్పింది. చేసి ఉండొచ్చు అన్నచోట ఆగితే సరిపోదు, చేసి తీరాడు అన్నదాకా వెళ్ళాలి. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో కూర్చోలేదు. ఓ మనిషిని చంపడానికి కారణం ఉన్నవాళ్ళు పదిమంది ఉండొచ్చు, చంపింది ఏ కారణమూ కనిపించని పదకొండోవాడు కావచ్చు.

2008 మేలో నోయిడాలో జరిగింది గుర్తుందా? ఓ బాలిక శవం సొంత ఇంట్లోనే దొరికిన రోజున ఆ ఇంటి పనిమనిషి కనిపించలేదు. ఇంకేముంది, అతనే చంపి పారిపోయాడన్నారు, కారణం కూడా సిద్ధమైపోయింది. మర్నాడు ఆ పనిమనిషి శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. దాంతో వేళ్ళు తల్లిదండ్రుల వైపు తిరిగాయి. ఈసారి కారణం ఇంకా గట్టిది, ‘పరువు’. ఓ సీనియర్ పోలీసు అధికారి ప్రెస్‌మీట్ పెట్టి మరీ చనిపోయిన పిల్ల ప్రవర్తన గురించి మాట్లాడారు. 2013లో సీబీఐ కోర్టు తల్లిదండ్రులకు యావజ్జీవం వేసింది, 2017లో అలహాబాద్ హైకోర్టు వాళ్ళను నిర్దోషులంది. అనుమానితులు మారినప్పుడల్లా కారణం కూడా వాళ్ళ వెంటే మారింది.

ఈ కబుర్లు కబుర్లుగా ఉండిపోతే బాధ లేదు. అవి వెళ్ళి స్టేషన్ తలుపు కొడతాయి. ధర్నాలూ, బంద్‌లూ, ఇంకా పట్టుకోలేదేమన్న శీర్షికలూ పెరిగేకొద్దీ ఎవరో ఒకర్ని చూపించాల్సిన అవసరం పెరుగుతుంది. సాక్షుల జ్ఞాపకమూ చెక్కుచెదరకుండా ఉండదు. మొదటి వారంలో ‘ఎవర్నీ గమనించలేదు సార్’ అన్న పక్కింటాయన, టీవీలో ఫొటో పడ్డాక ‘అవునండీ, ఆ రోజు ఇటే తచ్చాడాడు’ అంటాడు. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోడు కూడా.

ఇబ్రహీంపట్నం కేసులో 2008లో ఓ పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. అప్పటిదాకా ఊరు అల్లుకున్న ఏ కథలోనూ అతను లేడు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. అతను నేరస్థుడు కాదని మొదటినుంచీ గట్టిగా చెబుతూ వచ్చింది ఎవరో తెలుసా? చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే. అందరికంటే ఎక్కువగా ఎవరో ఒకరికి శిక్ష పడాలని కోరుకునే హక్కున్నవాళ్ళు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చేసరికి అరెస్టై ఎనిమిదేళ్ళు దాటింది. ఏడాదికి పన్నెండు వేలు కూడా పడలేదు.

2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ పోస్టుమార్టం చేశారు. అంతదాకా ఎందుకు పోవాల్సొచ్చిందంటే, అప్పీలు పెండింగులో ఉండగానే ఆ కేసులోని వస్తు సాక్ష్యాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయి. హంతకుడి మనసులో ఏముందో ఊరంతా తేలుస్తున్న ఆ ఏళ్ళలో, ఆ సాక్ష్యాల సంచులు భద్రంగా ఉన్నాయా లేదా అని అడిగినవాళ్ళు పెద్దగా కనిపించరు. ఎవరు, ఎందుకు ధ్వంసం చేశారో అదీ తేల్చమని సీబీఐకి చెప్పాల్సి వచ్చింది.