పెన్నలో ఇసుక ఒక్కటే పోతందా?

"ఇసుకే గదా, వరదొస్తే మళ్లీ మేట వేస్తుంది" అంటారు. ఎక్కణ్నుంచి వేస్తుందయ్యా? పైన సోమశిల డ్యాం 78 టీఎంసీల కడుపేసుకుని కూర్చుంది. ఎగువనుంచి కొట్టుకొచ్చే ఇసుక చాలావరకు అందులోనే దిగబడిపోతుంది. పైనుంచి రాబడి లేదు, కింద మాత్రం టిప్పర్ల వరస!

ఇసుకలో దాదాపు మూడోవంతు సందులే. నీళ్లు నిలిచేది ఆ సందుల్లోనే. మూడు మీటర్లు గోకేస్తే ఏరు అంత కిందికి పోయినట్టు. గట్టు పక్క బోర్లలో నీటిమట్టమూ దానివెంటే దిగుతుంది. మోటారు గాలి పీలుస్తుంటే రైతు ఇంకో రెండు పైపులు దించుకోవాల. లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి? విడవలూరు వైపు, సముద్రం దగ్గర, ఇంకా అన్యాయం. మంచినీటి మట్టం తగ్గితే ఉప్పునీరు లోపలికి తోసుకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తియ్యనీళ్లు ఇవ్వాలంటే ఏళ్లు పడుతుంది.

పోనీ, గుంత తీసినచోటే ఆగుతుందా? ఆగదు. నీళ్లు దాని ఎగువ అంచును కోసేస్తుంటే గుంత ఎగువకు పాకుతుంది. వంతెన స్తంభాల పునాదులు బయటపడేది అందుకే.

నీళ్లు, నేల, చెట్లను కాపాడాల్సిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. అర్ధరాత్రి ఏట్లో జేసీబీ లైట్లు ఊరంతటికీ కనపడతాయి. చూడాల్సినోళ్లకే కనపడవా?