ఆ అల్లరి వెనుక బెంగ

బోర్డు దగ్గరికి రమ్మనగానే పుస్తకం విసిరికొట్టే పిల్లాడికి మన బడుల్లో ఇప్పటికీ దొరికేది ఒక దెబ్బ, లేదంటే గుమ్మం బయట నిలబడే శిక్ష. వాడికి పొగరని తేల్చేస్తాం. లెక్కల పీరియడ్ రాగానే కడుపునొప్పి అనే అమ్మాయివి దొంగ వేషాలంటాం. కానీ ఆ నొప్పి నిజం. టెన్షన్ పడ్డప్పుడు గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది, బుర్ర పనిచేయదు. పారిపోవడమో తిరగబడటమో, అంతే తోస్తుంది. అప్పుడు గద్దిస్తే భయం ఇంకాస్త పెరుగుతుంది.

గోదావరి డెల్టాలో పిల్లల బెంగకు కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. కోనసీమ, నరసాపురం వైపు ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. రాత్రి అమ్మ ఫోన్ రాకపోతే, మర్నాడు ఆ పిల్ల పక్కమ్మాయి పెన్సిల్ విరిచేయడంలో వింతేముంది? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు గోదావరి నడుమనున్న లంకల్లో పడవెక్కి ఇల్లు వదిలిన పిల్లలున్నారు. ముసురు పట్టిన రోజు వాళ్ల చూపు పుస్తకం మీద కంటే కిటికీ మీదే ఉండొచ్చు.

అందుకే పిల్లాడు ఏం చేశాడన్న దానికంటే, అంతకు ముందు క్షణం ఏం జరిగిందో టీచర్ రాసిపెట్టుకోవడం ముఖ్యమని మా అభిప్రాయం. చెప్పకుండా పరీక్ష పెట్టారా? సీటు మార్చారా? అందరి ముందు చదవమన్నారా? రెండు వారాలు రాస్తే గొడవ ఎక్కడ మొదలవుతోందో చాలావరకు తెలిసిపోతుంది. అప్పుడు రేపు అడుగుతానని ముందే చెప్పొచ్చు. మొదట టీచర్ తన బల్ల దగ్గర వాడొక్కడి చేతే చదివించి, తర్వాత పక్కవాడితో కలిపి, ఆపైన క్లాసు ముందు నిలబెట్టొచ్చు. అలాగని పూర్తిగా వదిలేయకూడదు, తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుంది. ఇక బెత్తం సంగతంటారా, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఏనాడో నిషేధించింది.

ఒక్కరే రెండు మూడు తరగతులు చూసుకుంటూ, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే టీచర్ మీదే ఈ భారమంతా వేయడం అన్యాయం. మండలానికి ఒక్క శిక్షణ పొందిన కౌన్సెలర్‌నైనా ప్రభుత్వం నియమించాలి. మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ ఉచిత సేవ టెలి మానస్ నంబర్ 14416 ప్రతి బడి గోడ మీదా రాయించాలి. వరద సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి వారం పరీక్షలు పెట్టొద్దన్న ఉత్తర్వుకు పైసా ఖర్చు లేదు. అది వచ్చే వానాకాలంలోపే ఇవ్వాలి.