తదితరులు పాల్గొన్నారు

మా విజయనగరం జిల్లా పేజీలో ఏ వార్తయినా తీసుకోండి. ధాన్యం కొనుగోలు కేంద్రం తెరిచినా, పశువైద్య శిబిరం పెట్టినా, బడిలో సైన్సు ఫెయిర్ జరిగినా చివరి వాక్యం ఒకటే. 'కార్యక్రమంలో ఎంపీపీ, జడ్పీటీసీ సభ్యుడు, తహసీల్దారు, ఎంపీడీవో, సర్పంచి తదితరులు పాల్గొన్నారు.' పైనున్న నాలుగు పేరాలూ చదివేవాళ్లు తక్కువ. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం కళ్లజోడు తుడుచుకుని మరీ చదువుతారు. అసలు కార్యక్రమం పెట్టేదే ఈ వాక్యం కోసమని నా నిశ్చితాభిప్రాయం.

పనిలో పాల్గొనడం ఒకటి, వాక్యంలో పాల్గొనడం ఇంకొకటి. మొదటిది ఎవడైనా చేస్తాడు. రెండోదానికి పలుకుబడి కావాలి. పేరు ముందుండాలా వెనకుండాలా అన్నదాని మీద మాటలు మానేసుకున్న వియ్యంకుల్ని కూడా చూశాం. ఆ తాకిడికి మొదట బలయ్యేది మండల విలేకరి. పొద్దున్నే పాల ప్యాకెట్టు కంటే ముందు ఫోనొస్తుంది.

"ఏటి బాబూ, నాను పొద్దున్నుంచీ ఆడే ఉన్నాను కదా, నా పేరేది?"

"తదితరుల్లో ఉన్నారు కదండీ."

"తదితరుల్లోనా! అందులో నానున్నట్టు ఎవలికి తెలస్తాది?"

న్యాయమైన ప్రశ్నే. ఇంతకీ ఎవరీ తదితరులు? శామియానా కట్టినవాడు, కుర్చీలు దింపినవాడు, మైకు సెట్టువాడు, ఎండలో రెండు గంటలు కూర్చున్న డ్వాక్రా మహిళలు, చప్పట్ల కోసం తెచ్చిన ఎనిమిదో తరగతి పిల్లలు. అంటే పనిచేసినవాళ్లంతా అన్నమాట. వాళ్లందరినీ ఒక్క మాటలో సర్దేయడం మన భాషకున్న పొదుపు.

ఆ మధ్య గంటస్తంభం దగ్గర ఒక స్వచ్ఛత కార్యక్రమం చూశాను. పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారకముందే వచ్చి రోడ్డంతా అద్దంలా ఊడ్చేశారు. తొమ్మిదిన్నరకి పెద్దలు రావాలి. రోడ్డు శుభ్రంగా ఉంటే ఊడ్చేదేముంటుంది? ఎవరికో టెన్షన్ పట్టుకుంది. అప్పటికప్పుడు ఓ గోనెసంచి ఎండుటాకులు తెప్పించి, తెల్లవారుజామున ఊడ్చినామె చేతే చల్లించారు. ఆమె కూడా పద్ధతిగా, మరీ దూరం ఎగరకుండా, ఫ్రేములో పడేలా చల్లింది. పెద్దలు వచ్చారు. చీపుళ్లు కొత్తవి, ఒకదానికి ధర స్టిక్కరు అలాగే ఉంది, ఎనభై ఐదు రూపాయలు. ఆకులు అటునుంచి ఇటు జరిగాయి, ఫొటోగ్రాఫర్ 'ఇంకొక్కటి సార్' అన్నాక ఇటునుంచి అటు జరిగాయి. చేతులు శానిటైజర్‌తో కడిగించి, టిఫిన్లకి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఆకులు ఎవరెత్తారో వార్తలో రాలేదు. తదితరులు ఎత్తే ఉంటారు.

రక్తదాన శిబిరం ఇంకా తేలిక. రక్తం ఇచ్చే కుర్రాడు మంచం మీద పడుకుని స్పాంజి బంతి నొక్కుతుంటాడు. వెనక పదకొండుమంది నిలబడి అతని భుజం మీద చెయ్యేస్తారు. పన్నెండుమంది పాల్గొన్నట్టు లెక్క.

ఈ విద్య చిన్నప్పుడే పట్టుబడాలని కాబోలు, బళ్లలో పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు వచ్చాయి. ఇంగ్లిషువాడు పార్టిసిపేట్ అన్నాక దేనిలోనో చెప్పడానికి పక్కన 'ఇన్' పెడతాడు. మనం ఆ 'దేనిలో'ని తీసేసి తేలిక చేసుకున్నాం. 'మా వాడు పార్టిసిపేట్ చేశాడండీ' అంటే చాలు. పరుగుపందెమా, వ్యాసరచనా అని అడిగేవాడు మర్యాద తెలియనివాడు. సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించి టీవీ పైన గోడకి కొడతారు. కొన్నిచోట్ల పిల్లవాడి పేరు కంటే ముఖ్య అతిథి సంతకం పెద్దది.

ఇదంతా మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో షెర్రీ అర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన వేసింది. కింది రెండు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంది. మధ్య మూడూ తూతూమంత్రమంది. పై మూడింట్లోనే జనం చేతికి అధికారం వస్తుందంది. పాపం, ఆవిడ మా మండలాలు చూడలేదు. మేం నిచ్చెన ఎక్కం. దాన్ని గోడకి ఆనించి, చుట్టూ నిలబడి ఫొటో దిగుతాం.

గ్రామసభ సంగతే చూడండి. రాజ్యాంగం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభే. అంటే ఇంట్లో మంచమ్మీద కునుకు తీస్తున్నవాడు కూడా సభలో భాగమే, మినిట్స్ పుస్తకం ఇంటికొచ్చినప్పుడు లేచి సంతకం పెడితే సరి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి, దానికి ప్రపంచ రికార్డు పత్రం కూడా వచ్చింది. పార్టిసిపేషన్‌కే సర్టిఫికెట్! రోడ్డు అడిగిన ఊళ్లకి రోడ్డు వచ్చిందా అన్నది వేరే కార్యక్రమం. 2025 యోగా దినోత్సవం నాడు విశాఖ ఆర్కే బీచ్ నుంచి మా భోగాపురం దాకా చాపలు పరిచారు. మూడు లక్షల మంది పైచిలుకు ఆసనాలు వేసి గిన్నిస్‌కి ఎక్కారు. అంతమందికి పేర్లు వెయ్యాలంటే జిల్లా పేజీ కూడా బీచంత పొడుగుండాలి. విలేకరులు ఆ పూట హాయిగా శవాసనం వేశారు.

ఈ విషయంలో బాగా వెనకబడి ఉన్నది ఒకే ఒక్క కార్యక్రమం, అది మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. దసరా వెళ్లిన మంగళవారం లక్షల జనం వస్తారు. ఒక్కరి హాజరూ ఎవరూ వెయ్యరు. మాను ముందు బెస్తవారి వల పట్టుకుని నడిచేవాళ్లున్నారు, పాలధార ఉంది, అంజలి రథం ఉంది, తెల్ల ఏనుగు ఉంది. ఎవరి మెడలోనూ బ్యాడ్జీ లేదు. మాను మీదికి అరటిపండు విసిరినవాడికి క్యూఆర్ కోడ్ లేదు, సెల్ఫీ పాయింట్ లేదు, మెమెంటో లేదు. విసిరి, దండం పెట్టుకుని, ఇంటికెళ్లిపోతున్నాడు! ఇంత నిర్వహణ లోపం ఇన్నేళ్లుగా ఎలా సాగుతోందో అర్థం కాదు.

అన్నిటికంటే పెద్ద లోపం వేదికది. చింతమాను చివర, అంతెత్తున, పూజారి ఒక్కడికే చోటుంటుంది. ఆ పక్కన ముఖ్య అతిథికి కుర్చీ పట్టదు. శాలువా కప్పడానికి ఎక్కే దారి లేదు. జ్యోతి ప్రజ్వలన చేద్దామంటే గాలి. మూడులాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగినా మధ్యలో ఎక్కడా ఉపన్యాసం ఉండదు. మాను చివర కనీసం ఆరుగురు పట్టే ఏర్పాటు మీద ఇంజనీర్లతో ఓ కమిటీ వెయ్యడం అవసరం. కమిటీలో పాల్గొనడానికి నేను సిద్ధం. సమావేశాలకి రావడం కుదరకపోవచ్చు గానీ, పాస్‌పోర్టు సైజు ఫొటో ముందే పంపించేస్తాను.