80 శాతం లెక్క, ఉల్లిపాయ ప్రశ్న

“జంక్ డీఎన్ఏ అన్నదంతా అబద్ధం. ప్రోటీన్ తయారుచేయని భాగాన్ని తెలియక చెత్త అన్నారు. మన జీనోమ్‌లో 80 శాతం పనిచేస్తోందని 2012లో శాస్త్రవేత్తలే నిరూపించారు. ప్రకృతిలో ఒక్క అక్షరం కూడా వృథా కాదు.” వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న సందేశం ఇది. ఇందులో చిటికెడు నిజం ఉంది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది.

ముందు ఆ 80 సంగతి. జీనోమ్ అంటే కణంలో ఉండే మొత్తం డీఎన్ఏ. 2012 సెప్టెంబరులో, మన డీఎన్ఏలో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు ఆ అంకె చెప్పిన మాట నిజమే, సరిగ్గా చెప్పాలంటే 80.4. కానీ వాళ్లు కొలిచింది దేన్ని? వాడిన పద్ధతుల్లో ఒకటి చిప్-సీక్, డీఎన్ఏ మీద ప్రోటీన్లు ఎక్కడున్నాయో చూసేది. కణాల మీద ఫార్మాల్డిహైడ్ పోస్తే, ప్రోటీన్లు ఆ క్షణంలో డీఎన్ఏ మీద ఎక్కడున్నవి అక్కడే అతుక్కుపోతాయి. తర్వాత డీఎన్ఏని ముక్కలు చేసి, కావాల్సిన ప్రోటీన్‌ని యాంటీబాడీతో పట్టి లాగి, దాంతోపాటు వచ్చిన ముక్కల్ని చదువుతారు. తేలేది ఒక్కటే: ప్రోటీన్ అక్కడ కూర్చుంది. గుడి అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ పూజారి కాడు కదా! వాళ్లు వాడిన ఇంకో పద్ధతి, డీఎన్ఏ నుంచి తయారయ్యే నకళ్లని (ఆర్ఎన్ఏ) చదివే ఆర్ఎన్ఏ-సీక్ కూడా అంతే. ఫలానా చోటి నుంచి ఆర్ఎన్ఏ తయారైందని చెబుతుంది గానీ, దానివల్ల కణానికి ఏం ఒరిగిందో చెప్పదు. ఎన్‌కోడ్ వాళ్లు 147 రకాల కణాలు వెతికి, ఏ ఒక్కదాంట్లో ఇలాంటి గుర్తు కనిపించినా ‘ఫంక్షన్’ ఖాతాలో రాసేశారు. మరుసటి ఏడాదే అమెరికాలో ఒక బృందం డీఎన్ఏ అక్షరాల్ని (ఏ, టీ, జీ, సీ) అడ్డదిడ్డంగా పేర్చి డీఎన్ఏ ముక్కలు తయారుచేసి, ఎలుక రెటీనాలో పెట్టి చూసింది. ఆ ఉత్తుత్తి ముక్కల్లోనూ చాలావరకు, పక్కన కొలత కోసం పెట్టిన రిపోర్టర్ జన్యువు పనితీరుని మార్చాయి. అంటే గుర్తు కనిపించినంత మాత్రాన అది పనికొచ్చే భాగమని కాదు.

ఇక ప్రోటీన్ చేయనిదంతా చెత్త అన్నారనే మాట. ఈ రంగంలో పనిచేసేవాళ్ల లెక్క ఎప్పుడూ అది కాదు. ప్రోటీన్ తయారుచేయకుండా జన్యువుల్ని ఆన్, ఆఫ్ చేసే డీఎన్ఏ స్విచ్‌ల గురించి ఫ్రెంచి శాస్త్రవేత్తలు జాకబ్, మోనో 1961లోనే రాశారు. జంక్ పేరుతో జన్యు శాస్త్రవేత్త సుసుము ఓనో వ్యాసం వచ్చింది ఆ తర్వాతే, 1972లో. సికిల్ సెల్ జబ్బుకి 2023లో అనుమతి వచ్చిన క్రిస్పర్ (డీఎన్ఏని కోరిన చోట కోసే పద్ధతి) చికిత్స కత్తిరించేది కూడా ఇలాంటి స్విచ్‌నే. ఇంట్లో స్విచ్‌లు ఉన్నాయంటే ఒప్పుకుంటాం, ఇల్లంతా స్విచ్‌లే అంటేనే పేచీ.

ఏదీ వృథా కాదంటే ర్యాన్ గ్రెగరీ అనే శాస్త్రవేత్త ఉల్లిపాయ చూపిస్తాడు. మన జీనోమ్ సుమారు 300 కోట్ల అక్షరాలు, ఉల్లిది 1600 కోట్లు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు, సరే. అందుకని గడ్డ ఊరడానికి మనిషికన్నా ఐదింతల సూచనలు కావాలా?

అసలు పరీక్ష, తీసేసి చూడటం. 2004లో ఎలుకల జీనోమ్‌లో ప్రోటీన్ జన్యువులు లేని రెండు ప్రాంతాల్ని కోసేశారు. ఒకటి 15 లక్షల అక్షరాలు, ఇంకొకటి 8 లక్షల పైచిలుకు. ఆ ఎలుకలు మామూలుగానే పుట్టాయి, పెరిగాయి, పిల్లల్ని పెట్టాయి. ఆయుష్షులో తేడా లేదు, కోసిన చోటికి అటూ ఇటూ ఉన్న జన్యువుల పనితీరులో తేడా స్వల్పం. ల్యాబ్‌లో తిండీ నీళ్లూ నోటికందే ఎలుకల్లో చిన్న లోటు బయటపడకపోవచ్చు, అది ఒప్పుకోవాలి. అయినా 15 లక్షలు పోయాక ‘ఒక్క అక్షరం కూడా’ అనడం కుదరదు.