అమ్మమ్మకు అందాల్సిన డబ్బు ఆశ్రమానికి ఎందుకు?

ఒడిశాలోని బరంపురం తెలుగువారిలో ఇప్పుడు పుట్టినరోజు అనాథాశ్రమంలో చేసుకోవడం పెద్ద ముచ్చట. కేకు, బిర్యానీ పొట్లాలు, వరసగా కూర్చోబెట్టిన పిల్లలు, వాళ్ల వెనక నవ్వుతూ దాత. పెట్టే చేతిని తప్పుపట్టను. కానీ ఆ భోజనం పిల్లల ఆకలిని బట్టి రాదు, మన ఇంటి క్యాలెండర్‌ను బట్టి వస్తుంది. ఉగాదికి మూడు ఇళ్లవాళ్లు ఒకేసారి దిగుతారు, ముసురు పట్టిన మంగళవారం ఒక్కరూ రారు. (ఇక ఆ ఫొటో సంగతి: సంరక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్లు తెలిసేలా ప్రచారం చేస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చదివి వాట్సాప్‌లో పెట్టండి.)

అసలు 'అనాథ' అన్న మాటే నాకు అనుమానం. ఆ వరసలో కూర్చున్న చాలామందికి తల్లో, తాతో, అమ్మమ్మో ఉంటారు. మన గంజాం జిల్లా మగవాళ్లు సూరత్ మరమగ్గాలకు వలస పోతారన్నది కొత్త కబురు కాదు. గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లలో సంపాదించే మనిషి పోతే, తల్లి కూలికి వెళ్తూ కొడుకును ఆశ్రమంలో వదులుతుంది. ప్రేమ చాలక కాదు, నెలకు నాలుగు వేలు చాలక.

ఆ నాలుగు వేలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. 2015 నాటి ఆ బాలల న్యాయ చట్టమే ఆశ్రమాన్ని అన్ని దారులూ మూసుకుపోయాక మాత్రమే పట్టాల్సిన దారి అంటుంది. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, వితంతువు బిడ్డకైనా, బంధువుల దగ్గర పెరిగే అనాథకైనా, ఇంట్లోనే ఉండగా నెలకు 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. ఈ సంగతి ఆశ్రమం గేటు దగ్గర ఏ దాతా ఆ తల్లికి చెప్పగా నేను వినలేదు.

నిజంగా ఎవరూ లేని పిల్లలున్నారు, ఇల్లే నరకమైన పిల్లలున్నారు. వాళ్లకు మంచి ఆశ్రమం కావాలి, రిజిస్ట్రేషన్ ఉన్నది కావాలి. కాదనను. ఆ కొద్దిమంది పేరు చెప్పి మిగిలిన అందరినీ అక్కడే ఉంచడం మాత్రం ఒప్పుకోను.

నాకు మరీ మండే విషయం మరొకటి. అమ్మమ్మ ఒడిలో తెలుగు మాట్లాడిన పిల్ల ఆశ్రమంలో నాలుగేళ్లు ఉంటే ఒడియా పిల్ల అవుతుంది. ఒడియా నేర్వడం మంచిదే, ఈ నేల మీద బతకాలి. కానీ సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల మాట అమ్మమ్మకు అర్థం కాకపోతే ఆ పిల్ల నిజంగానే అనాథ అవుతుంది. భారత్ 1992లో అంగీకరించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణ, ఇల్లు తప్పిన బిడ్డకు నీడ వెతికేటప్పుడు భాషను కూడా చూడాలంటుంది. ఏ ఆశ్రమ రిజిస్టరులోనైనా ఇంటి భాషకు ఒక గడి ఉందా?

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాశారు. తనది కాని భాష కోసం అంత పాటుపడిన మనిషికి ఆగస్టు 29న దండలు వేసే మన తెలుగు సంఘాలకు, సొంత భాష పిల్లలు ఎన్ని ఆశ్రమాల్లో ఉన్నారో తెలియదు.

ఈసారి కేకు డబ్బుతో సంఘం ఒక మనిషిని పెట్టాలి. ఒడియా చదవడం రాని అమ్మమ్మ పక్కన కూర్చుని దరఖాస్తు నింపాలి, ఆదాయ ధ్రువపత్రం కోసం ఆమెతో తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోవాలి. డబ్బు మంజూరయ్యేదాకా ఆ పిల్ల బడి ఖర్చు దాత భరించాలి, ఫొటో లేకుండా.